పేరు దాచిన పొడుపుకథ

భీమిలిలో ఉపనిషత్తులు చెప్పే సోమయాజులు గారికి ఒక అలవాటుంది. పాఠం అయ్యాక ఒక పొడుపుకథ వేస్తారు, విప్పినవాళ్ళకి బెల్లం ముక్క పెడతారు. తిన్నగా అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పడం మాత్రం ఆయన జాతకంలోనే లేదు.

ఆ మధ్యాహ్నం శిష్యురాలు హైమవతి రుసరుసలాడుతూ వచ్చింది. మొగుడి దెబ్బలు పడలేక ఆమె చెల్లెలు ఐదేళ్ళ కూతురితో పారిపోయి వచ్చి, అతనికి చిరునామా తెలియని హైమవతి కొత్త ఇంట్లో తలదాచుకుంటోంది. తండ్రి వచ్చి పాపని లాక్కుపోగలడా అని హైమవతి ఫోన్‌లో ఒక న్యాయసలహాల ఫోరంలో అడిగింది. చెల్లెలి పేరు రాయలేదు, తన పేరూ మార్చుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని తెలిసిన మనిషే. అయినా జవాబిచ్చిన పుణ్యాత్ములు ఏ ఊరు, ఇల్లెలాంటి చోట, ఏ బడి అని అడుగుతుంటే, అడిగిందే తడవుగా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. ఇవాళ ఎవరో, “బడి ఎన్నింటికి వదులుతారు?” అన్నారు. నాలుగింటికని రాసేసింది. రాశాక అనుమానం వచ్చి, అదంతా గురువుగారికి చెప్పుకుంది.

“పేరే రాయలేదు కదండీ! ఇంకా ఏం దాచమంటారు?”

ఆయన ఆ ఫోన్ అందుకుని, అప్పుడే పాలు పోయడానికి వచ్చిన నూకాలమ్మని పిలిచారు. “ఇలా రా, ఒక పొడుపుకథ విప్పు.”

హైమవతి కంగారుగా అడ్డుపడింది. “అయ్యో, ఆవిడ ముందు చదవకండి గురువుగారూ!”

“లోకమంతా చదవొచ్చు గానీ, నూకాలమ్మ వినకూడదా?”

చదివారు. ఐసు ఫ్యాక్టరీ వెనక సందు, నీలం గేటు, నెల కిందట వచ్చిన తల్లీబిడ్డా, పాప ఎడమచేతి మీద కాలిన మచ్చ. మచ్చ దాకా రానివ్వనే లేదు నూకాలమ్మ.

“ఇదేటి పొడుపుకతండి బాబూ! ఈ అమ్మగోరి సెల్లెలు కాదేటి? రోజూ ఆలింటికి పాలు పోత్తన్నాను కదా!”

బెల్లం ముక్క ఆమె చేతిలో పడింది. హైమవతికి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులూ తను అంత జాగ్రత్తగా దాచింది ఒక్క పేరు. వెతుకుతున్న ఆ మొగుడికి ముందే తెలిసింది కూడా ఆ ఒక్క పేరే. ఫోన్ లాక్కుని రాసినదంతా చెరిపేసింది.

“తీసేశానండీ.”

సోమయాజులు గారు విసుగ్గా గోడ గడియారం వైపు చూశారు.

“నూకాలమ్మ బుర్రలోంచి కూడా తీసెయ్యగలవా? నాలుగు కావస్తోంది. ముందు బడికి పరుగెత్తు.”