రాతిలో అంకమ్మ

అనగనగా... ఎప్పుడని అడక్కండి, నాకు చెప్పిన మా నాయనమ్మకే తెలీదు. అంకమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమె మొగుడు సింగయ్యది రాతిపని. తెల్ల ఫాదర్లు పట్నంలో పెద్ద చర్చి కడుతుంటే, వెళ్ళి ఏళ్ళ తరబడి బొమ్మలు చెక్కొచ్చాడు. పోయేముందు పెళ్ళాం చెయ్యి పట్టుకుని, "ఆ చర్చిలో నువ్వున్నావే. ఎప్పుడన్నా వెళ్ళి చూసుకో" అన్నాడు. అంతే, కన్నుమూశాడు.

"నేనా! చర్చిలోనా! ఎట్టా ఉన్నానబ్బా?"

అంకమ్మకి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. చూపు చూస్తే మందగిస్తోంది. ఇప్పుడు చూసుకోకపోతే ఇంకెప్పటికీ లేదు. చద్దిమూట కట్టుకుని నడిచింది, నడిచింది, నడిచింది.

చర్చి చూసి నోరెళ్ళబెట్టింది. మొనదేలిన గోపురాలు, మొనదేలిన గుమ్మాలు, రంగురంగుల అద్దాల కిటికీలు! లోపల బారులు తీరి రాతిబొమ్మలు. మొదటి బొమ్మని అడిగింది, "ఇక్కడున్నానా?" అబ్బే, గడ్డమాయన. పక్కదాన్ని అడిగింది, "పోనీ, ఇక్కడున్నానా?" రెక్కల పిల్లాడు. ఆ పక్కది ఆడమనిషి! అంకమ్మ గుండె ఝల్లుమంది. "ఇక్కడున్నానా?" దగ్గరికెళ్తే కోటేరు ముక్కు, దొరసాని మొహం. మన అంకమ్మదేమో చప్పిడి ముక్కాయె.

"పోయేటప్పుడు కూడా అబద్ధమేనా, సచ్చినోడా!"

ఏడుపొచ్చేసింది. ఇంత దూరం వచ్చి ఊరికే పోవడమెందుకని, అలవాటుకొద్దీ ఆ బొమ్మ చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టింది. చర్చి ఊడ్చే రాహేలమ్మ చీపురుతో వెనకే వస్తూ ముసిముసిగా నవ్వుకుంది. బొమ్మ వెనక్కి చేరగానే ఆమె నవ్వు కాస్తా ఆగిపోయింది.

"అవ్వా, కదలకు! ఆ వీపు నీదే!"

"నా వీపు నాకేం తెలుసు తల్లీ? నేనెప్పుడు చూశాను?"

"పక్కకి జారిన ముడి అదే. నడుం చుట్టూ బిగించిన చెంగు అదే. మెడ మీద పులిపిరి కూడా అదే!"

అంకమ్మ ఒక చెయ్యి తన మెడ మీద, ఇంకో చెయ్యి రాతి మెడ మీద పెట్టి తడుముకుంది. చెక్కమని ఫాదర్లు ఇచ్చిన పటంలో ముందువైపే ఉంది మరి. వెనకెట్టా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. సింగయ్యకి తెలిసిన ఆడమనిషి వీపు ఒక్కటే.

"పులిపిరి కూడా చెక్కాలా, సిగ్గులేనోడా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే భోరుమంది.

అంకమ్మ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. ఆ బొమ్మని మాత్రం ఇవాళ్టికీ అంకమ్మ అనే అంటారు. పూలు కాళ్ళ దగ్గర కాదు, వెనకున్న ముడిలో పెడతారు. కొత్త జంటలొస్తే పెళ్ళికూతురు ఆ పులిపిరి తాకి, మొగుడి కళ్ళు మూసి, "నా మెడ మీద ఏముందో చెప్పు" అంటుంది. చెప్పలేక నీళ్ళు నమిలాడా, చుట్టాలంతా ఆట పట్టించేస్తారు. ముసలి మొగుళ్ళని అడిగే పనే లేదు. అందరి ముందూ గడగడా చెప్పేస్తుంటే, పెళ్ళాలే వాళ్ళ నోళ్ళు మూయాలి.