గాదెకు కాపలా వచ్చిన పిల్లిదొర

పడమటి ఆఫ్రికాలో ఒక పెద్ద నది సముద్రంలో కలిసే చోట జంతువులు ఎప్పటినుంచో కాపురముంటున్నాయి. ఒడ్డున గుండ్రంగా నిలబెట్టిన ఎర్రరాళ్ళున్నాయి. అవి ఏ తాతలు నిలబెట్టారో ఎవరికీ తెలీదు. అడవి జొన్నను దారికి తెచ్చి పండించింది కూడా ఆ తాతలేనంటారు. తర్వాతి కాలంలో ఇసుక ఎడారి దాటి ఒంటెలు ఉప్పు తెచ్చేవి, బంగారు రజను పట్టుకెళ్ళేవి. బేరం తెగాక నిలిచేవి కావు. రాజులు మారారు, పోట్లాటలూ జరిగాయి. జొన్న గాదె మాత్రం అందరిదిగానే ఉండేది.

ఆ గాదె పక్కన బొరియలో ఏదుపంది కుంబా ఉండేది. ఎవర్నీ ఓ పట్టాన నమ్మేది కాదు. ఒంటె పలకరించి నవ్వినా, ఎందుకు నవ్విందా అని ఆ పూటంతా ఆలోచించేది.

ఒక ఏడు సముద్రం మీంచి తెరచాప ఓడ వచ్చింది. వచ్చిన కొద్దిరోజులకే గాదెలో ఎలుకలు పడ్డాయి. అలాంటి ఎలుకల్ని అక్కడెవరూ అంతకుముందు చూడలేదు. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఓడలోంచి నున్నటి బూడిదరంగు పిల్లి దిగి వచ్చి, కాపలా తను చూసుకుంటానన్నాడు. గాదె తలుపు తన చేతిలో ఉంటే చాలన్నాడు. జంతువులకు పెద్దగా ఉన్న అడవిదున్న మాన్సా ఒప్పుకుని తడిమట్టి మీద గిట్ట ముద్ర వేశాడు. అప్పట్నుంచి ఆ పిల్లి పిల్లిదొర అయ్యాడు.

ఏళ్ళు గడిచాయి. ఎలుకలు తగ్గలేదు, జొన్నలు తగ్గాయి. ఓడ వచ్చినప్పుడల్లా మూటలు మోయడానికి ఎక్కిన కోతులు తిరిగి రాలేదు. అడిగితే, అక్కడ సుఖంగా ఉన్నారని దొర చెప్పేవాడు. ఎలుకల్ని లోపలికి పంపుతున్నది ఏట్లో ఉండే నీటిగుర్రం జెనెబా అని దొర మాన్సా చెవిలో ఊదాడు. మాన్సా ఏటివైపు వెళ్ళడం మానేశాడు. కుంబా కూడా ఆ మాట నమ్మి, రెల్లు చాటున జెనెబాను కనిపెట్టి చూసేది.

ఒక మధ్యాహ్నం జెనెబా నీళ్ళలోంచి తల ఎత్తి, తన వెనక ఎందుకు తిరుగుతున్నావని నిలదీసింది. కుంబా దాచలేదు.

"ఎలుకల్ని నువ్వే దాటిస్తున్నావని దొర చెప్పాడక్కా."

"నాకు మాన్సా పేరు చెప్పాడు," అంది జెనెబా.

కుంబాకు ఒళ్ళంతా ముళ్ళు లేచాయి. ఇన్నేళ్ళూ అందర్నీ అనుమానించి, ఓడలోంచి దిగినవాణ్ణి మాత్రం వదిలేసినందుకు సిగ్గేసింది. ఎలుకలూ దొరా వచ్చింది ఒక్క ఓడలోనేనని అప్పుడు తట్టింది. కానీ తట్టినంత మాత్రాన మాన్సా నమ్ముతాడా?

మర్నాడు పొద్దున్నే కుంబా ఎలుకల పెద్ద దగ్గరికి వెళ్ళి, దొర మూటలు సర్దుకుంటున్నాడనీ, రేవులో ఆగి ఉన్న ఓడలో ఒంటరిగా వెళ్ళిపోతున్నాడనీ జాలిగా చెప్పింది. తర్వాత మాన్సాను, జెనెబాను, దొరను ఎర్రరాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, ఈ ఏటి పంట సంగతి ఎత్తింది. దొర ఇంకా గొంతు సవరించుకుంటుండగానే ఎలుకల దండు పట్టపగలే వచ్చి పడింది.

"మమ్మల్ని తెచ్చింది నువ్వే కదా," అన్నాడు ఎలుకల పెద్ద. "నువ్వు పోతే మాకు తలుపు తీసేదెవరు?"

దొర మీసాలు నాక్కున్నాడు.

"దొరగారూ, తలుపు వదలండి," అన్నాడు మాన్సా.

"మీకు మీరు కాపలా కాసుకోగలరా?" అన్నాడు దొర. "పైయేటికల్లా నాకోసం కబురు పంపుతారు."

"పంపినా నీ దాకా చేరనివ్వను," అంది కుంబా.

ఆ ఓడలోనే దొర వెళ్ళిపోయాడు. తలుపు తీసేవాడు లేక ఎలుకలు తుప్పల్లో పడి చెదిరిపోయాయి. మాన్సా, జెనెబా గాదెకు చెరోవైపు నిలబడ్డారు. పక్కపక్కన నిలబడడానికి ఇద్దరికీ ఇంకా మనసొప్పలేదు. ఓరచూపులు చూసుకుంటూనే ఉన్నారు. దొర వెళ్ళినంత తేలిగ్గా దొర మాట వెళ్ళదని కుంబాకు అర్థమైంది. ఇద్దరినీ పిలిచి, కోతుల్ని వెతకడానికి ఎవరు వెళ్ళాలో మాట్లాడుకుందాం రమ్మంది.

నీతి: కాపలా కాస్తానని వచ్చినవాణ్ణి, దొంగలు ఎవరి వెంట వచ్చారో ముందుగా అడగాలి.