పది కేసులు దాటినవాళ్ళు

మా గురువు కామేశ్వర్రావు మాస్టారు ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ వకీలుగా వాదించి, మానేశాక కూడా రోజూ కోర్టు వరండాకొచ్చి మాలాంటి జూనియర్ల మధ్య కూర్చునేవారు. చట్టం అడిగితే చట్టం చెప్పేవారు. సలహా అడిగితే మాత్రం ఎవరికో ఒకరికి ఏదో పని పురమాయించేవారు.

ఆ మధ్యాహ్నం హైమవతి దాదాపు పరుగున వచ్చింది. పాత నేరస్థుల కోసం ప్రభుత్వం కొత్తగా పెట్టిన ప్రత్యేక విభాగంలో ఆమె వకీలు. పది కేసులు దాటినవాడి ఫైలే ఆ గదికి వెళ్తుంది. వెళ్ళాక వాయిదాల్లేవు, బెయిలు లేదు, మూడు నెలల్లో తీర్పు. ఏడాదిలో ముప్పై ఎనిమిది కేసులు, ముప్పై ఏడు శిక్షలు! ఆ విభాగం పనికొచ్చిందో లేదో సాయంత్రంలోగా తేల్చి రాయమని పైవాళ్ళు ఆమెనే అడిగారు, వండినావిడనే రుచి చెప్పమన్నట్టు. ఆమె ఔనంటే జిల్లాకొకటి పెడతారు. మరి ఊళ్ళో దొంగతనాలు తగ్గాయా అని నేనడిగాను. ఆ లెక్కలు ఇంకా రాలేదని, ఇంతమంది లోపలుంటే తగ్గక ఏం చేస్తాయని నన్నే కసిరింది. మూడు గంటలకు మరో తీర్పు ఉంది. తాళాల సింహాచలం, ఇరవై మూడు కేసులు. పదేళ్ళు వెయ్యమని అడిగింది.

"గెలిచామని రాసెయ్యొచ్చు కదా మాస్టారూ?"

మాస్టారు తన ట్రంకు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నారు. అవతలి బల్ల మీద కానిస్టేబుల్ పక్కన సింహాచలం కూర్చున్నాడు. పెట్టె తీసుకెళ్ళి అతని ముందు పెట్టించి, ఇది తియ్యగలవా అని అడిగారు.

వరండా అంతా అక్కడే మూగింది. టైపిస్టులు, గుమాస్తాలు, టీకొట్టాయన సైతం. ఆ చెయ్యి పనితనం కళ్ళారా చూద్దామని నేనూ ముందుకు తోసుకెళ్ళాను. కానిస్టేబుల్‌కీ ఆత్రమే, బేడీ తనే విప్పాడు. సింహాచలం హైమవతి దగ్గర జడపిన్ను అడిగి పుచ్చుకున్నాడు. తాళాన్ని ముఖం దగ్గరకు తెచ్చుకున్నాడు. పిన్ను రంధ్రం పక్కన గీసుకుంది. మళ్ళీ గీసుకుంది. వేళ్ళు వణుకుతున్నాయి, రెండు కళ్ళలోనూ శుక్లాలు.

"అగుపడ్డం నేదు బాబూ" అన్నాడు. నాకు ఎక్కడలేని జాలి వేసింది.

అదే బల్ల చివర గౌరీసు అనే ఇరవై రెండేళ్ళ కుర్రవాడున్నాడు. దొంగతనం మీద మొదటి కేసు, పొద్దున్నే బెయిలొచ్చింది, కాగితాల కోసం ఆగాడు. అందాకా మెడ చాచి చూస్తున్నవాడు ఇక తట్టుకోలేకపోయాడు.

"ఇలాగియ్యి తాతా."

పిన్ను లోపలికెళ్ళడం చూశాం, తాళం ఊడి కింద పడటం చూశాం. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. అందరం చప్పట్లు కొట్టేశాం. కొట్టిన చేతులు మెల్లగా ఆగాయి. గౌరీసు కూడా అప్పుడే నాలుక కరుచుకున్నాడు. ఇంతలో గుమాస్తా అతని బెయిలు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. లోపల్నుంచి సింహాచలానికి పిలుపొచ్చింది.

హైమవతి ఇంకా రాయని నివేదిక కాగితాలు చేత్తో పట్టుకుని, గేటు దాటుతున్న గౌరీసు వంకే చూస్తూ నిలబడింది.

మాస్టారు పెట్టె మూసుకుంటూ అన్నారు: "అతను మీ గదికి రావాలంటే ఇంకా పది కేసులు పడాలి కదమ్మా."