ఆవానికి వీపు పెట్టిన నూకాలు

అనగనగా ఒక ఊళ్ళో, రాజుగారి కూతురి పెళ్ళికని కాల్చిన నల్లకుండలన్నీ ఎర్రమచ్చలతో బయటికొచ్చాయి. కాల్చింది నూకాలు, ఆ ఊరి కుమ్మరింటి కోడలు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ముందు నేనే నిద్రపోతాను, ఆ మచ్చలు అలాగే ఉండిపోతాయి.

నల్లకుండలంటే రంగు పూసినవి కావర్రా. కుండలు కాల్చే ఆవం బాగా మండాక లోపల ఊక పోసి, చుట్టూ బురదతో మెత్తేస్తారు. పొగ ఎటూ పోలేక కుండల్లోకే దూరుతుంది. కాకిపిల్లల్లా నల్లగా వస్తాయి. చల్లారేలోగా కాస్త గాలి తగిలిందా, తగిలినచోట ఎర్రమచ్చే. ఆ పని ముసలమ్మలతోనే పోయింది. రాజుగారి నాయనమ్మ పెళ్ళిపందిట్లో ఐరేణి కుండలు అలాంటివేనట, కూతురికీ అవే కావాలన్నాడు. నూకాలు పాత పెంకులు ఏరుకొచ్చి, వాసన చూసి, నాకి చూసి, ఎలాగో ఆ పని మళ్ళీ పట్టుకుంది. కుదిరితే ఏటి ఒడ్డు మట్టంతా మీదేనన్నాడు రాజు. కుదరకపోతే కుండలు చేసే సారె పట్టుకుపోతానన్నాడు. సారె తిరగని కుమ్మరిల్లు పొయ్యి లేని వంటిల్లే కదా.

ఆవం మెత్తాక, చల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దని నూకాలు అందరికీ చెప్పింది. రాజుగారికీ కబురంపింది. అందరూ బుద్ధిగా తలూపారు. తీరా చూస్తే ఇదీ సంగతి.

రాజు ఏనుగెక్కి వచ్చాడు, మచ్చలు చూశాడు, సారె ఎత్తమన్నాడు. భటులు ఎత్తారు కూడా. ముందు ఆవం గోడ చూడనివ్వమని నూకాలు అడ్డం నిలబడింది.

గోడకి కింద ఒకచోట కంత పొడిచి మళ్ళీ మెత్తిన తడిబురద, అందులో చుట్ట బూడిద. ఆ ఇంట్లో అడ్డచుట్ట కాల్చేది అత్త అప్పలనర్స. ఏం చేస్తుంది పాపం, కన్ను వేలిని బతిమాలింది, వేలు బురదని పొడిచింది, బురద గాలికి దారిచ్చింది, గాలి కుండని తాకింది, కుండ ఎర్రబడి కూర్చుంది.

కాస్త పైన ఇంకో అతుకు. అది మొగుడు సన్యాసిది. అంత ఎత్తు మనిషి ఊళ్ళో మరొకడు లేడు, ప్రతి గుమ్మానికీ నుదురు కొట్టుకుంటాడు. వాడి కన్నూ వేలిని బతిమాలింది, వేలు బురదని పొడిచింది, మిగతాది మీకు తెలుసుగా, చెప్పండి.

ఆవం నెత్తిన మరో కంత, పొన్నుకర్రతో పొడిచినట్టు గుండ్రంగా ఉంది. ఏనుగెక్కితే తప్ప అందదు. అందరూ ఏనుగుని చూశారు. ఏనుగు రాజుని చూసింది. రాజు చేతిలోని పొన్నుకర్రని వీపు వెనక దాచుకుని, పొద్దున అటుగా వెళ్తుంటే కర్ర జారిందన్నాడు.

అంతలో ఆయన కన్ను ఇంకో అతుకు మీద పడింది. ఇంత నున్నగా మెత్తిందెవరని అడిగాడు.

అప్పలనర్స చుట్ట తీసి చెప్పింది: "అంత నున్నటి చెయ్యి మా ఇంట ఒక్కటే ఉంది బాబూ."

నూకాలు నాలిక్కరుచుకుంది. "నిజమే బాబూ. నేనూ చూశాను."

రాజు ఎంత నవ్వాడంటే, తలపాగా జారి కళ్ళకడ్డం పడింది. అది చూడగానే నూకాలుకి ఉపాయం తట్టింది. సారె దింపించింది, మళ్ళీ కుండలు చేసింది, మళ్ళీ ఆవం మెత్తింది. ఈసారి అత్తనీ మొగుణ్ణీ రాజునీ ఆవానికి వీపు పెట్టి కూర్చోబెట్టి, తనూ అలాగే కూర్చుంది. ఏనుగు కూడా తోక ఆవం వైపు పెట్టి నిలబడింది. ఆవం చల్లారింది, కుండలు నిగనిగలాడుతూ వచ్చాయి. మేళాలతో వచ్చి పట్టుకెళ్ళారు, పెళ్ళయింది, ఏటి మట్టి కుమ్మరోళ్ళదయింది.

ఉడికేదాన్ని కెలికితే ఉడకదర్రా, అంతే. ఆ రోజునుంచి ఆవం మెత్తితే చల్లారేదాకా అటు తిరగకూడదని నూకాలు ఒట్టు పెట్టుకుంది. కుండలు నిన్ను పిలుస్తున్నాయే అని అత్త ఎంత ఏడిపించినా, జుట్టు నెరిసేదాకా ఒక్కసారీ తిరిగి చూడలేదు.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. తెల్లారేదాకా ఎవరూ మూత తియ్యకూడదు.