నాసరయ్య చుట్టు

అనగనగా, కార్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా ఉండే కాలంలో, షెడ్ల వీధి అని ఒక వీధి. ఆ వీధి చివర నాసరయ్య అని ఒక సీట్ల మేస్త్రి. ఊఁ కొట్టండి మరి, ఊరికే వింటే నాకు చెప్పబుద్ధి కాదు.

నాసరయ్య కార్లకి సీట్లు కుడతాడు, తలుపులకి అట్టలు వేస్తాడు, వెనకాల స్పీకర్లు బిగిస్తాడు. ఆ రోజుల్లో ఏ కారు సామానైనా ఏ కారుకైనా సరిపోయేది. అందుకని ఎవరేమడిగినా ఒకటే మాట. "దీనిది దానికి పడుతుంది, దానిది దీనికి పడుతుంది. మీరు కూర్చోండి బాబూ." బతుకంతా కార్లలోనే గడిపాడు గానీ, కదిలే కారులో ఒక్కసారైనా కూర్చుని ఎరగడు. కోరిక మాత్రం కొండంత ఉంది. అడగడానికే మొహమాటం.

ఒకసారి రైసు మిల్లు పిచ్చేశ్వర్రావు కారుకి ఎర్ర రెగ్జిను సీటు కుట్టి, కొత్త స్పీకర్లు పెట్టాడు. ఆ రోజే నాసరయ్య గొలుసున్న ఇత్తడి సున్నపుకాయ పోయింది. తాంబూలం లేందే చెయ్యాడని మనిషి. ముందు పెళ్లాం ఆదెమ్మని అనుమానించాడు. తర్వాత పక్క షెడ్డు పెయింటర్ని. ఆఖరికి వీధిలో తిరిగే మేకనీ వదల్లేదు, మింగిందేమోనని దాని వెనకాలే తిరిగాడు. మీకు అర్థమైపోయింది కదూ? నాసరయ్యకి కాలేదు.

పిచ్చేశ్వర్రావు కారేసుకుని తిరిగొచ్చాడు. పాట పెడితే వెనకాల గలగలమంటోందట. బండి ఆపి వింటే ఏమీ లేదు.

"కదిలితేనే తెలుస్తుంది బాబూ. నన్నెక్కించుకుని ఒక్క చుట్టు తిప్పండి," అన్నాడు నాసరయ్య.

పిచ్చేశ్వర్రావు అతని లుంగీ కేసి చూసి, కొత్త సీటుకి గ్రీజు అంటుకుంటుంది పొమ్మన్నాడు. ఆ సీటు కుట్టిందెవరయ్యా అని అడిగే నాథుడు లేడు.

ఏం చేస్తాడు? షెడ్డులో ఉన్న ప్లీడరు గారి కారు స్పీకర్లు తీసి దీనికి పెట్టాడు, దీనివి దానికి పెట్టాడు. గలగల పోలేదు. మళ్లీ ఒక్క చుట్టు అడిగాడు. వెనక సీట్లో మా ఆవిడ పట్టుచీర కట్టుకుని కూర్చుంది, చోటు లేదన్నాడు పిచ్చేశ్వర్రావు. ఈసారి సినిమా హాలు ఓనరు కారు తలుపు అట్టలు ఊడదీసి దీనికి బిగించాడు. దీనిది దానికి, దానిది దీనికి. గలగల పోలేదు. మూడోసారి అడిగాడు. రాహుకాలం, ఇప్పుడు బండి తియ్యనన్నాడు. సీటు మాత్రం విప్పి చూడలేదు నాసరయ్య. తను కుట్టిన సీటులో వంకుంటుందని కలలో కూడా అనుకోడు మరి.

ఇంతలో ప్లీడరు గారు తన స్పీకర్లేవని వచ్చి పడ్డారు. హాలు ఓనరు తన పచ్చ అట్టలేవని వచ్చి పడ్డాడు. ముగ్గురూ తలో మాటా అన్నారు. ఆఖరి మాట పిచ్చేశ్వర్రావుది.

"రేపు మా వియ్యాలవారు ఈ కారెక్కుతున్నారు. ఆ మోత వాళ్ల చెవిన పడిందో, నీ షెడ్డు మూయిస్తా."

షెడ్డు పోతే నాసరయ్యకి ఇంకో పని రాదు. అయినా అదే మాటన్నాడు, కదిలితేనే తెలుస్తుంది బాబూ అని. ఇక గత్యంతరం లేక, సీటు మీద గోనెపట్టా పరిచి అతన్ని కూర్చోబెట్టి, పిచ్చేశ్వర్రావే బండి తీశాడు.

వీధి మలుపులో మొదటి గుంట. గల్. ఆ గొలుసు చప్పుడు నాసరయ్యకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? సున్నపుకాయ తన కిందే ఉంది, తను కూరిన కొబ్బరి పీచులోనే ఉంది. దొరికిందని చెప్పబోయాడు. కానీ చెబితే దింపేస్తారు. కిటికీలోంచి గాలి మొహానికి హాయిగా కొడుతోంది. తను బిగించిన స్పీకర్లో సన్నాయి మోగుతోంది.

"వినబడిందా?" అన్నాడు పిచ్చేశ్వర్రావు.

"లీలగా ఉంది బాబూ. ఇంకొంచెం ముందుకు పోనీండి."

రైల్వే గేటు దాటారు. గల్. వినబడిందా అంటే, ఇంకొంచెం ముందుకు పోనీండన్నాడు. కాలవ వంతెన ఎక్కి దిగారు. గల్ గల్. వినబడిందా అంటే, ఇంకొంచెం ముందుకు పోనీండన్నాడు. తమ పేట మీదుగా పోనివ్వమన్నాడు, అక్కడ గుంటలు ఎక్కువట. గుమ్మంలో ఆదెమ్మ బియ్యం చెరుగుతోంది. మిల్లు ఆసామి ముందు కూర్చుని కారు తోలుతుంటే, వెనకాల కాలు మీద కాలేసుకుని తన మొగుడు. చేట జారి బియ్యం కాస్తా మట్టిపాలయ్యాయి. నాసరయ్య ఆవిడ కేసి జమీందారులా తలాడించాడు. అప్పుడు చెప్పాడు, దొరికింది బాబూ అని.

షెడ్డుకొచ్చి సీటు కుట్లు విప్పి, సున్నపుకాయ గుప్పిట్లోకి లాగి బొడ్లో దోపుకున్నాడు. స్ప్రింగు వదులైందన్నాడు. ఎవరి సామాను వాళ్లకి బిగించి ఇచ్చాడు. షెడ్డు నిలిచింది.

చాలా కాలానికి నాసరయ్య పోయాడు. దినం భోజనాల దగ్గర ఆదెమ్మ ఆ సున్నపుకాయ అందరి ముందూ పెట్టి, దాచుకున్నదంతా చెప్పేసింది.

"మొదటి గుంటలోనే తెలిసిందంట బాబూ. దిగబుద్ధి కాక చెప్పలేదంట."

పిచ్చేశ్వర్రావు మొహం జేవురించింది. నా చేత డ్రైవరీ చేయించాడా అన్నాడు. తర్వాత నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక్క మాట చెబితే ఊరంతా తిప్పేవాణ్ణి కదమ్మా."

"మూడుసార్లు అడిగాడుగా బాబూ," అంది ఆదెమ్మ.

ఆయన చెయ్యి కడుక్కుని లేచి, పెయింటరు, మెకానిక్కు, వెల్డరు, వీధిలో ఉన్న మేస్త్రీలందర్నీ వంతులవారీగా కారెక్కించి తిప్పాడు. పొద్దుగూకేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

అందుకే ఇప్పటికీ షెడ్ల వీధిలో సీటు కుట్టినా, స్పీకరు పెట్టినా, ముందు మేస్త్రిని వెనక సీట్లో కూర్చోబెట్టి ఓనరే బండి తోలాలి. దాన్ని నాసరయ్య చుట్టు అంటారు. గోనెపట్టా పరవకూడదు. దారిలో ఓనరు వినబడిందా అని అడుగుతాడు. కారులో ఏ చప్పుడూ లేకపోయినా సరే, మేస్త్రి కాలు మీద కాలేసుకుని, ఇంకొంచెం ముందుకు పోనీండి అంటాడు.