పిడిలో దాగిన ఉక్కు

ఉస్తాద్ మెహఫూజ్‌ను శిష్యుడు ఏదైనా అడిగితే, జవాబు చెప్పడానికి బదులు ఆయన ఏదో ఒక పని పురమాయించేవాడు. హైదరాబాదు అరబ్బుల పేటలో ఆయనది కత్తుల కొట్టు. ఉక్కుకు పేరుపడ్డ కోనసముద్రం నుంచి వచ్చిన రాజలింగం ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

"ఉస్తాద్, అరబ్బుల అసలు కత్తి ఏది? తిన్ననిదా, వంపుదా?" అని ఒకనాడు రాజలింగం అడిగాడు.

ఊరికే అడగలేదు. కొట్టు ముందు తాతా మనవళ్ల తగువు ముదురుతోంది. మనవడు ఉమర్‌కు ఆ రోజే పెళ్లి. తాత కత్తి పట్టి ఆడుతూ ముందు నడిస్తే తప్ప వాళ్లింట పెళ్లి ఊరేగింపు కదలదు. తాత సాలెహ్ జమేదార్ చేతిలో ఉన్నది పూర్వీకులు అరబ్బు దేశం నుంచి తెచ్చిన తిన్నని కత్తి. రెండు వైపులా పదును. మనవడి నడుముకు వేలాడేది వంపు కత్తి.

"అది తుర్కీ రౌతుల దగ్గర నేర్చిన వంకర. దాన్ని కట్టుకుని బయల్దేరితే నేను ఆడను," అన్నాడు తాత.

"గుర్రం మీంచి కొట్టాలంటే వంపే వాటం, దాదా. నీ కత్తి గోడకు అందం."

"నా కత్తి మా పెద్దల నాటి నుంచి మారలేదు. మారేది నీ బుద్ధే."

అలా అని తాత అరుగు మీద బిగుసుకుని కూర్చున్నాడు. అవతల వీధిలో మర్ఫా వాయిద్యం మొదలైంది. ఉమర్ ముఖం వాడిపోయింది.

ఉస్తాద్ తాపీగా అన్నాడు. "జమేదార్ సాబ్ కత్తికి పిడి వదులైంది. ఊడదీసి బిగించు, రాజలింగం."

రాజలింగం పిడిని కుంపటి మీద కాచాడు. లోపలి లక్క కరిగి కత్తి ఊడి వచ్చింది. పిడిలో దాగి ఉన్న కత్తి తోకకు చీలలు దిగిన బెజ్జాలు మూడున్నాయి.

"పిడి మారినప్పుడల్లా ఒక బెజ్జం," అన్నాడు ఉస్తాద్.

తాత వంగి చూశాడు. "ఈ పిడి మా అబ్బా ఇక్కడికొచ్చాక వేయించాడు. తక్కినవి..." అని ఆగిపోయాడు.

రాజలింగం నిమ్మచెక్కతో తోకను రుద్దాడు. నలుపు విడిచి, నీటి అలల్లాంటి చారలు తేలాయి. అతని చెయ్యి ఆగింది.

"ఇది మా వైపు ఉక్కులా ఉంది, జమేదార్ సాబ్. మా తాతలు మూసల్లో కరిగించిన ముద్దలు ఓడలెక్కి మీ దేశాలకు పోయేవట."

తాత ఆ చారలను వేలితో తడిమాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే మా ఇంటికి పెద్దకోడలుగా వచ్చిన ఈ కత్తి మీ ఊరి పిల్లా? ఇన్నాళ్లూ చెప్పలేదేమయ్యా, వియ్యంకుడా?"

కళ్లు తుడుచుకుని మనవడి వైపు చెయ్యి చాచాడు. "నీ వంకరదాన్ని ఇటు తే." దాన్ని గాలిలో రెండు సార్లు తిప్పి చూశాడు. "కొత్త కోడలు కదా, వయ్యారం ఎక్కువ."

మర్ఫా దగ్గరికి వచ్చింది. ముసలాయన ఆ వంపు కత్తి పట్టుకుని వీధిలోకి దిగి ఆడటం మొదలుపెట్టాడు. ఉమర్ చప్పట్లు కొడుతూ వెంట నడిచాడు.

లక్క కరిగిస్తూ రాజలింగం వాళ్లనే చూస్తున్నాడు. "ఉస్తాద్, నేనడిగినదానికి..."

"లక్కతో మరీ గట్టిగా బిగించకు," అన్నాడు ఉస్తాద్. "రేపు ఎవరో కొత్త పిడి కోసం మళ్లీ ఊడదీయాలి."