మంచం పట్టేటంత చోటు

గుండ్లవంక అనే ఊళ్లో పెద్దకాపు వీరనాగప్ప న్యాయం తెలిసినవాడే గాని, పదిమంది ఒక మాట మీద నిలబడ్డాక పదకొండోవాడి మాట వినడం బలహీనత అని నమ్మేవాడు.

అవి ఊళ్లు తమ నీటిని తామే పంచుకునే రోజులు. గుండ్లవంకలో ఒక ఆచారం ఉండేది. చెరువు నిండిన ఏడు ఎవరి పొలం వారు సాగు చేసుకునేవారు. వానలు తప్పి చెరువు సగమైనా నిండకపోతే, ఆ కొద్దిపాటి నీటిని అన్ని పొలాలకూ పారించి వృథా చేసేవారు కారు. తూముకు దగ్గరగా ఉన్న భూమిని మాత్రమే ఎంచుకుని, అది ఎవరిదైనా సరే, ఆ ఒక్క పంటకు ఊళ్లోని ఇళ్లన్నిటికీ సమానంగా పంచేవారు. దానిని దామాషా అనేవారు. కోతలు అయ్యాక భూమి మళ్లీ సొంతదారుకు చేరేది.

ఆ ఏడు చెరువు మూడో వంతు దగ్గరే ఆగిపోయింది. తూము కింది పొలం సంజన్నది. సంజన్న తక్కువ మాట్లాడే మనిషి. అంతకు ముందు వేసవిలో అతని భార్య లింగమ్మ చనిపోయింది. ఆ పొలంలోనే ఈశాన్య మూల, కొంచెం మెరకగా ఉన్న చోట ఆమెను సమాధి చేశారు. అతడు రోజూ కాడి కట్టక ముందు అక్కడికి వెళ్లి, రాళ్ల మధ్య మొలిచిన గడ్డి పీకి, కాసేపు నిలబడి, తరువాతే పనిలోకి దిగేవాడు.

దామాషా వేయడానికి అందరూ చావిడి దగ్గర చేరారు. ఇంటికొకరు చొప్పున తమ గుర్తును ముంతలో వేశారు. ఒకరు గవ్వ, ఒకరు గాజుముక్క, వీరనాగప్ప ఇత్తడి గజ్జె. చెరువు నీటిని వదిలే నీరుగంటి మాదన్న కళ్లు మూసుకుని ఒక్కొక్క గుర్తూ తీసి, ఒక్కొక్క ముక్కకు కేటాయించాడు. ఈశాన్య మూల ఉన్న ముక్క చింతగింజకు వచ్చింది. అది తిరుపాలమ్మ గుర్తు. ఆమెకు భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలను ఒంటిచేత్తో పెంచుతూ ఉండేది.

సంజన్న లేచి నిలబడ్డాడు. “పొలమంతా తీసుకోండి పెద్దాయనా. నేను అడ్డం చెప్పను. ఆ మూల ఒక మంచం పట్టేటంత చోటు మాత్రం వదలండి” అన్నాడు.

“నీకు మంచమంత వదిలితే రేపు ఇంకొకడు గడ్డివామంత అడుగుతాడు” అన్నాడు వీరనాగప్ప. “పన్నెండేళ్ల కిందట ఒకాయన తోటను ఇట్లానే వదిలినాం. ఆ తర్వాత అందరూ అడిగినారు. దామాషా చెడింది. ఎన్ని ఇళ్లు వలసపోయినాయో నీకు తెలియదా?”

సంజన్నకు తెలుసు. ఆనాడు వెళ్లిపోయినవారిలో అతని అన్న ఉన్నాడు.

“అక్కడ పండేది రెండు దోసిళ్ల గింజలు, పెద్దాయనా.”

“రెండు దోసిళ్లయినా ఊరివే.”

వెనుక వరుసలో ఉన్న ఓబులేసుకు నోరు ఊరుకోలేదు. “అట్లయితే లింగమ్మ వదిన పేరున కూడా ముంతలో ఒక గుర్తు వేయండప్పా! ఆమె భాగం ఆమెకు వస్తుంది” అన్నాడు. కొందరు నవ్వారు. వీరనాగప్ప వారిని వారించలేదు.

సంజన్న అక్కడి నుంచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా పొలానికి తుమ్మకంపతో కంచె వేశాడు. మంచమంత చోటు చుట్టూ కాదు, పొలం మొత్తం చుట్టూ వేశాడు.

రోజులు గడిచాయి. నాట్లు పడలేదు. మాదన్న రోజూ చావిడికి వచ్చి చెరువు సంగతి చెప్పేవాడు.

“నిన్నటికీ నేటికీ నీళ్లు వేలి మందం దిగినాయి, పెద్దాయనా. నారు కూడా ముదురుతాంది.”

“ఒకడి కోసం ఊరు దిగిరాదు, మాదన్నా.”

“ఊరు దిగిరాదు గాని నీళ్లు దిగుతా ఉండాయి గదా!”

తొమ్మిదో రోజున వీరనాగప్ప ఓపిక నశించింది. గడకర్రలు పట్టుకుని ఊరి మగవాళ్లతో పొలానికి బయలుదేరాడు. కంచె లోపల సంజన్న పలుగు పట్టుకుని, ఆ మూలకు వీపు ఆనించినట్టు నిలబడి ఉన్నాడు. ఇంకొక్క అడుగు పడితే ఎవరిదో ఒకరి తల పగిలేది. అప్పుడు తిరుపాలమ్మ గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది.

“ఆగు మామా” అన్నది వీరనాగప్పతో. “ఆ మూల ఎవరి భాగంలో పడింది?”

“నీ భాగంలోనే గదమ్మా. నీ కోసమే ఈ తంటా అంతా.”

“నా భాగమైతే ఆ మంచమంత చోటు నేనే వదులుకుంటా. ఊరు వదలక్కర్లేదు. నా పిల్లలకు రెండు దోసిళ్లు తగ్గితే తగ్గనీ.”

వీరనాగప్ప తల అడ్డంగా ఊపాడు. “అట్లా కుదరదు. భాగం నీది కాదు, ఊరిది. నువ్వు దున్నుకోవచ్చు గాని వదిలే హక్కు నీకు లేదు.”

తిరుపాలమ్మ అతని ముఖంలోకి సూటిగా చూసింది. “అయితే నా చింతగింజ ముంతలో ఎందుకు వేయించుకున్నావు మామా? నాకిచ్చింది నాది కాకపోతే, నువ్వు నాకిచ్చిందేమిటి?”

గుంపులోంచి ఓబులేసే, ఈసారి నవ్వకుండా, “జవాబు చెప్పు పెద్దాయనా. నా గవ్వకూ అదే జవాబు గదా” అన్నాడు.

వీరనాగప్ప వెనక్కి తిరిగి తన వాళ్లను చూశాడు. ప్రతి ముఖంలోనూ అదే ప్రశ్న కనిపించింది. ఈ రోజు లింగమ్మ సమాధిని దున్నే ఊరు, రేపు తమలో ఎవరిదైనా దున్నగలదని వారికి అప్పుడే అర్థమైంది. వీరనాగప్ప గడకర్ర కింద పెట్టాడు.

“మంచం పట్టేటంత చోటు” అన్నాడు మెల్లగా. “చుట్టూ గట్టు కట్టండి. నీళ్లు లోపలికి పోకూడదు.”

సంజన్న పలుగు వదిలేసి, తాను వేసిన కంపను తానే చేతులతో లాగసాగాడు. అరచేతులు గీసుకుపోయాయి. ఓబులేసు అతని పక్కకు చేరి, “అన్నా, ఆ రోజు అట్లా అనకుండా ఉండాల్సింది” అని తానూ ఒక కొమ్మ పట్టుకున్నాడు. సాయంత్రానికి కంచె పోయింది. మరునాడు నాట్లు పడ్డాయి.

కాని పోయిన నీళ్లు తిరిగి రాలేదు. పైరుకు చివరి తడి చాలలేదు. తూముకు దూరంగా ఉన్న ఆరు ముక్కలలో వెన్నులు తాలు పోయాయి. వాటిలో ఒకటి వీరనాగప్పది, ఒకటి సంజన్నది. మిగిలినవారు తమ పంటలో కొంత తీసి ఆ ఆరిళ్లకూ పంచారు. అందరూ అర్ధాకలితో గడిపారు గాని, ఆ ఏడు ఒక్క ఇల్లు కూడా వలసపోలేదు.

కోతలు అయ్యాక చావిడి దగ్గర వీరనాగప్ప అందరి ఎదుట ఒప్పుకున్నాడు. “తొమ్మిది రోజుల నీళ్లు నా మొండితనం తాగింది” అన్నాడు.

“సగం నా కంచె తాగింది, పెద్దాయనా” అన్నాడు సంజన్న. “నన్ను చూసి నవ్వింది నలుగురు. నేను అడ్డుకున్నది అందరి అన్నం.”

ఆనాటి నుంచి గుండ్లవంక ఆచారంలో ఒక మాట కొత్తగా చేరింది. దామాషాకు ముంత తెచ్చే ముందు, పొలం ఇచ్చే మనిషిని ఊరంతా వినేలా ఇలా అడిగేవారు: “ఇందులో నువ్వు విడువలేనిది ఏమైనా ఉందా?” తోటలు, గడ్డివాములు అడుగుతారని వీరనాగప్ప ఒకప్పుడు భయపడ్డాడు. ఎవరూ అడగలేదు. తమను అడుగుతున్నారని తెలిశాక మనుషులు అడిగింది చాలా కొంచెం. ఇచ్చింది చాలా ఎక్కువ.

ఊరి మేలు కోసం మనిషి తన సొత్తును ఇవ్వాలి. అతడు విడువలేనిది ఏదో ముందుగా అడిగి, దానిని కాపాడిన ఊరికే ఆ సొత్తును కోరే హక్కు ఉంటుంది.